జీడిపప్పు మీద పొట్టుని కెమెరాకి చూపించాలంటే: అల్లుడికి మావయ్య లేఖ

చి. అల్లుడికి, బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి పర్లాకిమిడిలో నీ జీడిపప్పు షెడ్డే కళ్ళ ముందు మెదులుతోంది. బెల్టు మీద వెళ్ళే సరుకులో ఎర్ర పొట్టు మిగిలిన పప్పుని కెమెరా పట్టడం లేదని వారం రోజులుగా ప్రోగ్రాంతో కుస్తీ పడుతున్నావు. ప్రోగ్రాం కాసేపు పక్కన పెట్టు. ముందు బెల్టు మీదకి ఎండ వచ్చే ఆ కిటికీ మూయించు.

గ్రే ఫొటోలో ఒక్కో చుక్కకి 0 నుంచి 255 వరకు ఒక అంకె, అంతే. 0 నలుపు, 255 తెలుపు. మధ్యాహ్నం ఎండ బెల్టు మీద పడిందంటే అంకెలన్నీ తారుమారు. పొద్దున 180 ఉన్న పప్పు సాయంత్రానికి 120కి దిగితే నీ లెక్క ఎలా నిలబడుతుంది? కెమెరా చుట్టూ పెట్టెలా మూసేసి లోపల ఎల్ఈడీ లైటు పెట్టు. ఆటో ఎక్స్‌పోజర్ ఆపెయ్, లేకపోతే కెమెరా వెలుతురుని తనంతట తనే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఎంత తెల్ల పప్పయినా 230 దాటకుండా చూసుకో. 255 తగిలిన చోట మచ్చ ఉన్నా కనబడదు.

అసలు చిక్కు ఇక్కడుంది. నువ్వు కలర్ ఫొటో తీసి, ఫొటోల్ని పరిశీలించే ప్రోగ్రాముల కట్ట ఓపెన్‌సీవీలో గ్రే చేస్తున్నావు. ఆ మార్పులో ఎరుపుకి 0.299, ఆకుపచ్చకి 0.587, నీలానికి 0.114 వాటా. పొట్టు నీలం కాంతిని మింగేస్తుంది కాబట్టి పప్పుకీ పొట్టుకీ తేడా బాగా తెలిసేది నీలంలోనే. నువ్వు దాన్నే అన్నిటికంటే తక్కువ లెక్కలోకి తీసుకుంటున్నావు! గ్రే చెయ్యకు, నీలం చానల్, అంటే ఫొటోలో నీలం రంగు అంకెల్ని మాత్రమే విడదీసి చూడు, పొట్టు నల్లగా తేలుతుంది.

అయితే నీ బెల్టు కూడా నీలమే. నీలం చానల్లో అది తెల్లబడి పప్పు అంచుని కలిపేసుకుంటుంది. అందుకని పప్పు ఎక్కడుందో ఎరుపు చానల్లో వెతుకు, అక్కడ బెల్టు నల్లగా, పప్పు పొట్టుతో సహా తెల్లగా వస్తుంది. ఆ హద్దు లోపల మాత్రమే నీలంలో పొట్టు వెతుకు. ఓపెన్‌సీవీ రంగుల వరసలో ముందు వచ్చేది నీలం, ఎరుపు చివర. ఇది మర్చిపోతే రోజంతా పోతుంది.

నలుపు తెలుపులకి మధ్య గీత ఎక్కడ గీయాలో ఓట్సు పద్ధతి తనే తేలుస్తుంది. 1979 నాటిది, ఇప్పటికీ నాకు అదే ఇష్టం. కానీ దానితో నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఒక మిల్లులో రాత్రి షిఫ్టు, బెల్టు మీద సరుకు లేదు. సరుకు లెక్కపెట్టే కౌంటరు మాత్రం వందల్లో పెరుగుతూ పోయింది. ఖాళీ ఫొటో ఇచ్చినా ఆ పద్ధతి ఎక్కడో ఒకచోట గీత గీసి తీరుతుంది, దుమ్మూ ధూళీ అంతా సరుకై కూర్చుంటుంది. ఆ గీత ఫలానా అంకె కంటే దిగితే బెల్టు ఖాళీ అని ముందే రాసుకో. ఫలానా సైజు కంటే చిన్న ముక్కల్ని వదిలెయ్.

ఒక నమూనా బొమ్మతో పోల్చి చూసే టెంప్లేట్ మ్యాచింగ్ పప్పుకి వద్దు. ఏ రెండు పప్పులూ ఒక్కలా ఉండవు, కాస్త తిరిగి పడితే చాలు పోలిక స్కోరు పడిపోతుంది. ప్యాకెట్ మీద ముద్ర సరిగ్గా పడిందా అని చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇంకో మాట. గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళ పక్కన ఒక పూట కూర్చో. పప్పుని బొటనవేలితో ఒక్క దొర్లు దొర్లించి వెనక వైపు చూస్తారు, గమనించావా? నీ కెమెరాకి కనబడేది పై వైపే. బెల్టు చివర పప్పు కింది బెల్టు మీదకి పడి దొర్లే చోట రెండో కెమెరా పెట్టమని మీ ఓనరుతో మాట్లాడు.

పండక్కి వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఓ యాభై ఫొటోలు తీసుకురా. జేపెగ్ వద్దు, అది అంచుల్ని చెడగొడుతుంది, పీఎన్‌జీలోనే దాచు. మంచివీ చెడ్డవీ, ఖాళీ బెల్టువీ కలిపి తే. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మావయ్య