లేసు వచ్చినవాళ్ళు జడల డిజైను మిట్టెన్లు అల్లగలరా?

అల్లగలరండి. కాకపోతే కొక్కెం ఉండే లేసు సూదితో కాదు, రెండు చివరలూ మొనదేలిన స్వెట్టర్ సూదులతో.

మీరడిగింది ఇదీ: చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన చెయ్యి, కోడలు ఆగస్టులో కెనడాలోని విన్నిపెగ్ వెళ్తోంది, జడలు తిరిగినట్టుండే ఊలు మిట్టెన్లు (బొటనవేలు విడిగా, మిగతా నాలుగు వేళ్ళూ కలిపి ఉండే చేతి తొడుగులు) ఒక జత అల్లి ఇవ్వాలి, ఇంట్లో ఉన్న లేసు సూదీ పాలకొల్లు షాపులో దొరికే ఊలూ సరిపోతాయా అని. నాదీ నరసాపురం వైపే. మా ఇంట్లో అందరికీ లేసే తెలుసు. మా ఆయన ఉద్యోగానికి డెహ్రాడూన్‌లో ఉన్నప్పుడు పక్కింటావిడ దగ్గర స్వెట్టర్ల పని నేర్చుకున్నాను కాబట్టి రెండిటికీ తేడా నా చేతికి తెలుసు.

మన లేసు అందమంతా కన్నాల్లోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన నాటి నుంచీ, 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చేదాకా, టేబుల్ గుడ్డలైనా దుప్పట్లయినా గాలి ఆడేలాగే అల్లుతున్నాం. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు మైనస్ 20 మామూలు. భోగి మంట దగ్గర చేతులు చాపి చలి అనుకునే మనకి అది ఊహకందదు. అక్కడ కన్నం పడిందంటే చలి లోపలికొచ్చేస్తుంది. కన్నాల్లేకుండా లేసు సూదితోనే దట్టంగా అల్లితే అట్టలా బిగుసుకుపోయి పిడికిలి మూయడానికి రాదు. సూదుల అల్లిక సాగుతుంది, చేతిని పట్టుకుని ఉంటుంది. గ్లౌజులొద్దని మిట్టెన్లే అనుకోవడం కూడా మంచి ఆలోచనే. నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉంటే ఒకదాని వెచ్చదనం ఇంకోదానికి అందుతుంది.

ముందు ఊలు సంగతి. మన వైపు షాపుల్లో ఊలు అని అమ్మేది చాలావరకు ఆక్రిలిక్. లేబుల్ లేకపోతే చిన్న ముక్క తెంపి అగ్గిపుల్లతో అంటించండి. అసలు ఊలైతే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా గడ్డ కడుతుంది. ఆక్రిలిక్‌తో అల్లకూడదని కాదు, హైదరాబాద్ చలికి అది చాలు. కానీ మంచులో చెయ్యి చెమర్చినా తడి తగలకుండా ఉండేది ఊలే. తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమని లోపల దాచుకుని కూడా పొడిగానే అనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. వర్స్‌టెడ్ అనే మందం, 150 గ్రాములు, అన్ని ఉండలూ ఒకే లాట్ నంబరువి. జడలు మామూలు అల్లిక కంటే ఎక్కువ ఊలు తింటాయి.

ఇక అసలు కష్టం మన చేతిలోనే ఉంది. లేసులో దారం వేలికి చుట్టి లాగి పట్టి అల్లుతాం, ఎంత బిగిస్తే అంత నీటు అని చిన్నప్పుడే నేర్పేస్తారు. జడ అల్లికలో ఆ అలవాటు శత్రువు. మూడు కుట్లని వాటి చోటు నుంచి పక్కకి లాక్కెళ్ళి ఇంకో మూడింటి మీదుగా దాటించాలి. బిగిసి ఉన్న కుట్లు అంత దూరం సాగవు, సూది మొన లోపలికి దూరనే దూరదు. మిట్టెన్లు మొదలుపెట్టే ముందు వారం రోజులు ఉత్త ముక్కలు అల్లి పారేయండి, చెయ్యి వదులవుతుంది. 4 మిల్లీమీటర్ల సూదులతో అంగుళానికి అయిదు కుట్లు రావాలి. ఆరు వస్తుంటే సూది పెద్దది చేయండి, చేతితో పోట్లాడకండి. మన ఉక్కలో అల్యూమినియం సూదులకి చెమట చేతిలో ఊలు అంటుకుపోతుంది, వెదురువే నయం.

కొలతలు సగటు ఆడవాళ్ళ చేతికి చెబుతున్నాను, అంటే బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ ఏడున్నర అంగుళాలు. 3.5 సూదుల మీద 40 కుట్లు ఎక్కించి, గుండ్రంగా కలిపి, రెండు నిట్ (మామూలు కుట్టు) రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున మూడు అంగుళాల పట్టీ అల్లండి. తర్వాత 4 సూదులకి మారి, చేతి వెనకభాగం నడుమ ఆరు కుట్లని తొమ్మిది చేయండి. జడ అల్లిక గుడ్డని లోపలికి లాగేస్తుంది, కుట్లు పెంచకపోతే మిట్టెన్ చేతికెక్కదు. ఇప్పుడు మొత్తం 43. వెనక్కి 23: అయిదు నిట్, రెండు పర్ల్, తొమ్మిది జడ, రెండు పర్ల్, అయిదు నిట్. మిగతా 20 అరచేతికి, అన్నీ నిట్టే.

ఆ తొమ్మిదీ మూడు పాయలు. జడ వెయ్యడం వచ్చిన ప్రతి ఆడపిల్లకీ ఇది వచ్చినట్టే. ఒకసారి మొదటి పాయని విడిగా తీసి ముందు వైపు పట్టుకుని, రెండో పాయ అల్లి, తర్వాత విడిగా ఉన్నదాన్ని అల్లాలి. మూడో పాయ మామూలుగా పోతుంది. మూడు వరసలు ఉత్తగా తిరిగాక, నాలుగో వరసలో మొదటి పాయని మామూలుగా అల్లేసి, రెండోదాన్ని విడిగా తీసి వెనక వైపు పట్టుకుని మూడోదాన్ని అల్లి, అప్పుడు దాన్ని అల్లాలి. మళ్ళీ మూడు ఉత్త వరసలు, మళ్ళీ మొదటిది. కుట్లు విడిగా పట్టడానికి వేరే సూది కొననక్కర్లేదు, కొప్పుకి పెట్టుకునే యూ ఆకారం పిన్ను చాలు. జడ దాటిన వెంటనే వచ్చే పర్ల్ కుట్టు వదులుగా సాగిపోతుంది. మీ బిగింపు చెయ్యి అక్కడొక్కచోట పనికొస్తుంది, లాగండి.

మీ లేసు సూదికీ పని ఉంది. సూదుల అల్లికలో కుట్లన్నీ ప్రాణంతో సూది మీదే ఉంటాయి, ఒకటి జారితే కిందిదాకా నిచ్చెనలా విడిపోతుంది. కొత్తవాళ్ళు అక్కడ ఏడుస్తారు. మనం కొక్కెంతో ఒక్కో మెట్టూ పట్టి పైకి తెచ్చేస్తాం.

పట్టీ అయిపోయాక, వెనకభాగానికీ అరచేతికీ మధ్య ఒక కుట్టు పుట్టించి, ప్రతి మూడో వరసలో దానికి అటూ ఇటూ ఒక్కోటి పెంచుతూ 13 చేయండి. అదే బొటనవేలు. ఆ 13నీ వేరే రంగు దారం మీద ఎక్కించి పక్కన పెట్టి, మిగతాది గుండ్రంగా అల్లుకుంటూ చిటికెనవేలి కొస దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి రెండు పక్కలా తగ్గిస్తూ మూసేయాలి. తర్వాత బొటనవేలు అల్లేటప్పుడు ఆ సందులో రెండు మూడు కుట్లు అదనంగా ఎత్తుకోకపోతే కన్నం మిగులుతుంది.

జతలో రెండోది మొదటిదానికి అచ్చు కాపీ అల్లకండి. చిటికెనవేలి వైపు నుంచి మొదలుపెడితే కుడి చేతికి వరస: వెనకభాగం, బొటనవేలు, అరచెయ్యి. ఎడమకి: అరచెయ్యి, బొటనవేలు, వెనకభాగం. జడ కూడా ఎదురు తిప్పితే రెండు చేతులూ పక్కపక్కన పెట్టినప్పుడు ముచ్చటగా ఉంటుంది.

ఒక్క మాట నిజం చెప్పాలి. ఎంత దట్టంగా అల్లినా ఎదురుగాలిని ఊలు ఒక్కటే ఆపలేదు. బస్టాపులో నిలబడాలంటే లోపల పల్చటి ఫ్లీస్ గ్లౌజు వేసుకోమనండి. అందుకే అర అంగుళం వదులుండేలా కొలతలిచ్చాను. ఉతకడం మాత్రం గోరువెచ్చని నీళ్ళలో కాస్త షాంపూతో చేత్తోనే, పిండకుండా, టవల్‌లో అదిమి నీడలో పరిచి ఆరబెట్టాలి. వాషింగ్ మెషీన్ వేడికీ కుదుపుకీ ఊలు పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని, చంటిపిల్ల చేతికి సరిపోయేంత ముద్దవుతుంది. మీరు జూలై ముసురులో పూర్తి చేస్తే ఫ్యాను కింద రెండు రోజులు బాగా ఆరనిచ్చి, ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పక్కన పెట్టండి. సూట్‌కేసులో సర్దేముందు ఆ మూట తీసేయడం మర్చిపోకండి, అక్కడ కస్టమ్స్‌వాళ్ళు ఆకులు చూస్తే ప్రశ్నలేస్తారు.