కాకినాడ రేవు నుంచి కోనసీమ గట్టు దాకా: భారీ సరుకు రవాణాపై మీ ప్రశ్నలు, మా జవాబులు

కాకినాడ రేవులో దిగిన గ్యాస్, చమురు పరికరాలు తాటిపాక, ఓడలరేవు, మల్లవరం వైపు వెళ్లే తీరు గురించి లారీ యజమానులు, డ్రైవర్లు, రైతులు, పంచాయతీ సభ్యులు అడిగినవాటిలో ఏడు ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: 46 టన్నుల సెపరేటర్ (గ్యాసు, చమురు, నీళ్లు వేరుచేసే ట్యాంకు) తోలే పని వచ్చింది. పొడవు 14 మీటర్లు, వ్యాసం 3.4 మీటర్లు. నా దగ్గర మూడు యాక్సిళ్ల (ఇరుసుల) లోబెడ్, అంటే డెక్ కిందికి ఉండే ట్రైలర్ ఉంది. ఒప్పుకోవచ్చా?
*లోబెడ్ యజమాని, కాకినాడ*

వద్దండీ. 2018లో పెంచిన పరిమితి ప్రకారం కూడా ట్రాక్టర్, ట్రైలర్, సరుకు అన్నీ కలిపి 55 టన్నులు దాటకూడదు. మీ ట్రాక్టరూ లోబెడ్డూ కలిసి 20 టన్నుల దాకా తూగుతాయి. సరుకుకి మిగిలేది 35 టన్నులే. 46 టన్నులంటే హైడ్రాలిక్ యాక్సిల్ ట్రైలర్ మాట్లాడుకోవాల్సిందే.

ఆ ట్రైలర్‌కి ఒక్కో వరుసకు 8 టైర్లుంటాయి, ఒక్కో వరుస మీద 18 టన్నుల దాకా అనుమతిస్తారు. వరుస సొంత బరువు సుమారు 4 టన్నులు. సరుకు కింద ఆనుగా పెట్టే శాడిళ్లకు 2 టన్నులు వేసుకోండి. నాలుగు వరుసలతో పోతే మొత్తం 64 టన్నులు, వరుసకు 16. కాగితం మీద సరిపోతుంది. ఆరు వరుసలైతే మొత్తం 72, వరుసకు 12 టన్నులు, అంటే టైరుకి ఒకటిన్నర టన్ను. బాడుగ ఎక్కువైనా కోనసీమ రోడ్లకి ఆరు వరుసలే పెట్టమంటాం. ఇక్కడ రోడ్డు కింద ఉన్నది ఒండ్రుమట్టి. టైరు మీద అర టన్ను తగ్గితే ఆ తేడా గట్టు అంచున కళ్లకి కనిపిస్తుంది.

అనుమతుల సంగతికొస్తే, వెడల్పు 2.6 మీటర్లు దాటిందంటే అది ఓడీసీ, అంటే కొలత మించిన సరుకు. జాతీయ రహదారికి కేంద్ర రహదారుల శాఖ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రహదారి దిగాక ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్, కాలువ వంతెనలుంటే నీటిపారుదల శాఖ, ఎవరి రోడ్డుకి వాళ్లనే అడగాలి. చాలా బళ్లు ఆగిపోయేది ఈ చివరి రెండు మూడు కిలోమీటర్ల కాగితం లేకే.

ప్రశ్న: రూట్ సర్వేకి నన్ను పంపుతున్నారు. టేపు, నోట్‌బుక్ ఇచ్చారు. ముందు ఏం కొలవాలి?
*కొత్తగా చేరిన సూపర్‌వైజర్, తాళ్లరేవు*

ముందు ఆ స్టీలు టేపు ఆఫీసులో పెట్టేయండి. కరెంటు తీగల కింద దాన్ని ఎత్తకూడదు. ఫైబర్‌తో చేసిన, సాగదీసే కొలత కర్ర అడగండి.

పై ప్రశ్నలోని సెపరేటర్‌నే తీసుకుందాం. నేల నుంచి డెక్ (ట్రైలర్ బల్ల) ఎత్తు 1.1, శాడిల్ ఎత్తు 0.3, సెపరేటర్ ఒళ్లు 3.4, మొత్తం 4.8 మీటర్లు. పైన నాజిల్ (పైపు తగిలించే మూతి) 35 సెంటీమీటర్లు పొడుచుకొచ్చి ఉంటే 5.15. డ్రాయింగ్‌లో వ్యాసం మాత్రమే చూసి నాజిల్‌ని మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. రేవులో సరుకు దిగాక ఒకసారి స్వయంగా కొలవండి.

రోడ్డుకి అడ్డంగా పోయే 11 కేవీ తీగ నేలకు 6.1 మీటర్లు, ఎల్‌టీ (తక్కువ ఓల్టేజీ) తీగ 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. ఊళ్లో ఇళ్లకు లాగిన సర్వీసు వైర్లు, కేబుల్ టీవీ తీగలు అంత ఎత్తున ఉండవు. తీగ ఎండకి సాగి కిందికి దిగుతుంది కాబట్టి కొలత మిట్టమధ్యాహ్నమే తీయాలి. తెల్లారుజామున కొలిచిన అంకె నమ్ముకుని మధ్యాహ్నం బండి పెడితే తగులుతుంది. ఎడం చాలని చోట లైన్‌మన్ ఎల్‌సీ (లైను ఆపే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైను ఆపే స్విచ్) దించి, తీగని భూమికి కలిపే ఎర్త్ రాడ్డు వేశాకే బండి కదలాలి. వెదురు గడతో తీగ ఎత్తి పట్టుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది, ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

రైల్వే గేటు దగ్గర కరెంటు లైనుంటే ఎత్తు కమాను 4.67 మీటర్లు. హైడ్రాలిక్‌తో డెక్ 20 సెంటీమీటర్లు దించినా మన సరుకు 4.95 ఉంటుంది, పట్టదు. రైల్వే వాళ్ల దగ్గర పవర్ బ్లాక్ (కాసేపు లైన్లో కరెంటు ఆపడం) తీసుకోవాలి, లేదా పైవంతెన ఉన్న దారి వెతకాలి.

ఇక మలుపు. ముందు చక్రాలు పోయిన గీత మీద వెనక చక్రాలు పోవు, లోపలికి కోసుకుంటాయి. వెనక స్టీరింగ్ లేని ట్రైలర్‌కి కింగ్‌పిన్ (ట్రాక్టర్‌కి తగిలించే పిన్ను) నుంచి వెనక యాక్సిళ్ల మధ్యకు 12 మీటర్లనుకోండి. 20 మీటర్ల అర్ధవ్యాసం ఉన్న మలుపులో వెనక చక్రం 4 మీటర్లు లోపలికి వస్తుంది. అదే మలుపు 15 మీటర్లయితే 6 మీటర్లు. మూడు మీటర్ల సందు మలుపులో మూలనున్న ఇంటి అరుగు పోయేది అందుకే. హైడ్రాలిక్ ట్రైలర్‌లో వెనక వరుసలు కూడా తిరుగుతాయి, కోత బాగా తగ్గుతుంది. అయినా డెక్ దాటి వెనక్కి వేలాడే సరుకు తోక మలుపు బయటి వైపుకి ఊగుతుంది. ఆ వైపున్న స్తంభాలూ, కొబ్బరిచెట్లూ కొలతలో రాయండి.

దారి రెండూ తిరిగి చూడండి: తాళ్లరేవు, యానాం, ఎదుర్లంక, ముమ్మిడివరం మీదుగా 216 జాతీయ రహదారి ఒకటి; కాకినాడ నుంచి ఏడీబీ రోడ్డు మీద రాజానగరం పోయి జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండోది. దూరం ఎక్కువైనా రెండోదే సుళువు కావచ్చు. మీ కొలతలే తేల్చాలి.

ప్రశ్న: ఎదుర్లంక వంతెన మీద పెద్ద ట్రైలర్ వస్తే అందరినీ ఆపేసి నడివంతెన మీద నత్తనడక నడిపిస్తారు. త్వరగా దాటిస్తే వంతెన మీద బరువు తొందరగా దిగిపోదా?
*రోజూ యానాం వెళ్లే ఉద్యోగి, మురమళ్ళ*

వేగంగా పోయే బండి వంతెనని కేవలం నొక్కదు, గుద్దుతుంది కూడా. అతుకుల దగ్గర ఎగిరి పడితే ఆ దెబ్బ అసలు బరువుకి తోడవుతుంది. నెమ్మదిగా పోతే ఆ దెబ్బ దాదాపు ఉండదు.

ఐఆర్‌సీ 6 అనే వంతెనల నియమావళిలో ప్రత్యేక వాహనం లెక్క ఒకటుంది: 18 టన్నుల యాక్సిళ్లు 20, లాగే బండితో కలిపి 385 టన్నులు. ఆ లెక్కకి షరతులున్నాయి. వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు. బండి మధ్యగీతకి 300 మిల్లీమీటర్లకి మించి పక్కకి జరగకూడదు. వంతెన మీద ఇంకో బండి ఉండకూడదు. ఒక పక్కగా పోతే ఆ పక్క దూలం తన వాటాకి మించి మోస్తుంది, మధ్యలో పోతే దూలాలన్నీ పంచుకుంటాయి. డ్రైవర్ వంతెన మీద బ్రేకు కొట్టడు, గేరు మార్చడు. వెనకనుంచి హారన్ కొట్టి అతన్ని కంగారు పెట్టకండి.

ప్రశ్న: మా ఊరి కాలువ గట్టు మీదుగా డ్రిల్లింగ్ సైటుకి సామాను తెస్తామంటున్నారు. మా తూము పాతది. స్టీలు ప్లేట్లు పరుస్తామంటున్నారు. చాలా?
*పంచాయతీ సభ్యుడు, మలికిపురం మండలం*

చాలవు. ప్లేటు టైరు బరువుని కాస్త వెడల్పుగా పరుస్తుంది, అంతే. కింద శ్లాబు మోయాల్సిన మొత్తం బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. తూము గోడల వెనక, గట్టి నేల మీద ఆనేలా ఇనుప దూలాలు వేసి, వాటి మీద ప్లేట్లు పరిస్తేనే శ్లాబుకి భారం తప్పుతుంది. వాళ్లు చెప్పేది రెండిట్లో ఏదో డ్రాయింగ్ వేసి చూపించమనండి.

ముందు మీరే తూము కిందికి దిగి టార్చి వేసి చూడండి. శ్లాబు అడుగున తుప్పు మరకలు, పెచ్చులూడి కడ్డీ బయటపడటం, ముందుకు ఒరిగిన రెక్కగోడ (తూము పక్కన గట్టు మట్టిని ఆపే గోడ) కనిపిస్తే ఫొటోలు తీసి తేదీతో దాచండి. బండి పోయాక మళ్లీ తీయండి. ఏ పగులు పాతదో ఏది కొత్తదో తేలడానికి అంతకన్నా సాక్ష్యం ఉండదు.

అన్నిటికన్నా మంచి దారి, వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక తూము పక్కనే హ్యూమ్ పైపులు (పెద్ద సిమెంటు గొట్టాలు), ఇసుక బస్తాలతో తాత్కాలిక దారి వేసుకోవడం. నీటిపారుదల శాఖ అనుమతి తీసుకోవాలి, నీళ్లు వదలకముందే తీసేస్తామని రాయించుకోవాలి.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాలువ కట్టేసిన వారంలోనే గట్టు ఎక్కించకండి. గట్టు లోపలి మట్టి ఇంకా నానే ఉంటుంది, అప్పటిదాకా పక్కనుంచి ఆపిన కాలువ నీళ్లు మాత్రం పోయాయి. గట్టు జారేది సరిగ్గా అప్పుడే. రెండు మూడు వారాలు ఆరనివ్వండి. ఆ తరవాత కూడా బయటి టైరు అంచుకి ఒకటిన్నర మీటరు లోపలే ఉండాలి. అంత చోటు లేని గట్టైతే వేరే దారి చూసుకోమనండి.

గట్టు రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటుంది కదా. 100కి రెండున్నర వాలుంటే 3 మీటర్ల డెక్‌కి రెండంచుల మధ్య 7.5 సెంటీమీటర్ల తేడా వస్తుంది. హైడ్రాలిక్ మనిషి పల్లపు వైపు సిలిండర్లు లేపి డెక్ సమం చేస్తూ పక్కనే నడవాలి. ఆ మనిషి క్యాబిన్‌లో కూర్చుంటే బండి ఆపించండి.

ప్రశ్న: గొలుసులు ఎంత బిగించినా దారిలో వదులవుతున్నాయి. ఇంకా ఎన్ని వెయ్యాలి?
*ట్రైలర్ డ్రైవర్, తుని*

గొలుసులు పెంచేముందు కింద ఏం పెట్టారో చూడండి. సడన్ బ్రేకులో సరుకు తన బరువులో పదికి ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోస్తుంది. 46 టన్నుల సరుకంటే 36.8 టన్నులు. కింద చెక్క దిమ్మెలుంటే రాపిడి సుమారు 13.8 టన్నులు పట్టి ఉంచుతుంది, మిగతా 23 గొలుసులే ఆపాలి. 10 ఎంఎం గ్రేడ్ 80 గొలుసు కట్టు సామర్థ్యం 6.3 టన్నులు, 45 డిగ్రీల వాలులో దక్కేది 4.45. అంటే వెనక్కి లాగే గొలుసులే ఆరు కావాలి. అదే మంచి రబ్బరు పరుపు వేస్తే రాపిడే 27.6 టన్నులు ఆపుతుంది. గొలుసులకి మిగిలేది 9.2, జతలుగా నాలుగు చాలు. ముందుకి లాగేవి వేరే లెక్క.

వదులయ్యేది ఎందుకంటే పచ్చి చెక్క నలుగుతుంది, శాడిల్ సర్దుకుంటుంది. రేవు గేటు దాటిన 5 కిలోమీటర్లలోపు ఆగి బిగించండి, తరవాత ఆగిన ప్రతిచోటా. గొలుసుకి ముడి వేయొద్దు, మెలి పడనివ్వొద్దు, నాజిల్‌కీ నిచ్చెన క్లిప్పులకీ తగిలించొద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు సరుకు మీద ఇనుప గొలుసు అసలు తగలకూడదు, దాని తుప్పు అంటుకుంటుంది. పాలిస్టర్ బెల్టులు వాడండి.

ప్రశ్న: తోలుతున్న వెసెల్ (మూసిన ట్యాంకు) మీద చిన్న ప్రెషర్ గేజ్ ఉంది. పొద్దున 0.5 బార్, మధ్యాహ్నం 0.6 చూపించింది. గాలి వదలాలా?
*క్లీనర్, సామర్లకోట*

ముట్టుకోకు తమ్ముడూ. లోపల ఉన్నది నైట్రోజన్, తుప్పు పట్టకుండా నింపుతారు. ఎండకి ఆ మాత్రం పెరగడం మామూలే. చల్లబడ్డాక పొద్దుటి అంకె కన్నా తక్కువ చూపిస్తే లీకు ఉన్నట్టు, కంపెనీకి ఫోన్ చెయ్యి. మూత తీసి లోపలికి తల పెట్టావంటే నైట్రోజన్‌కి వాసన ఉండదు, దగ్గు రాదు, ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ పోతుంది. లోపల పడినవాణ్ణి తీయబోయిన రెండోవాడు కూడా పోతాడు.

ప్రశ్న: ట్రైలర్ కోసం రోడ్డు పక్క నా కొబ్బరిచెట్ల మట్టలు కొడతామని వచ్చారు. చెట్టుకి నష్టమేనా? ఏం అడగాలి?
*రైతు, ముమ్మిడివరం మండలం*

నష్టమే. కాపు చెట్టు ఏడాదికి 12 మట్టల దాకా వేస్తుంది, ప్రతి మట్ట చంకలో ఒక గెల పుడుతుంది. పచ్చి మట్ట కొడితే దాని మీద ఆనిన గెల వాలిపోతుంది. కాబట్టి ముందు కొట్టడం కాదు, కట్టడం అడగండి. చెట్టెక్కేవాణ్ణి పెట్టి రోడ్డు వైపు మట్టల్ని తాడుతో పైకి లాగి కట్టి, బండి పోయిన రోజే విప్పిస్తే చాలా చోట్ల సరిపోతుంది. ఖర్చు వాళ్లదే.

కొట్టక తప్పదంటే మొదలంటా కొట్టనివ్వకండి. మట్ట కాడ 120 సెంటీమీటర్లు ఉంచాలి. పచ్చి గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. కాడ పొడుగ్గా ఉంటే పురుగు మాను దాకా చేరదు. మొవ్వు జోలికి ఎవరూ పోకూడదు, కొబ్బరికి అదొక్కటే చిగురు. ఎన్ని మట్టలు, ఎన్ని గెలలు పోయాయో చెట్టు చెట్టుకీ రాయించి, సూపర్‌వైజర్ సంతకం బండి కదలకముందే తీసుకోండి.