కదిలించడమా, కదలనివ్వడమా?

సందేహం: కావలి దగ్గర హైస్కూల్లో బయాలజీ చెబుతాను. కదలికల్ని అదుపు చేసే మెదడు భాగాల మీద పిల్లలకు తెలుగులో పాఠం రాసుకుంటున్నాను. ‘ఒక నిరోధక న్యూరాన్ మరో నిరోధక న్యూరాన్‌ను నిరోధించడం వల్ల కదలిక మొదలవుతుంది’ అని రాస్తే నాకే తికమకగా ఉంది. నిరోధక, అవరోధక, నిషేధక – వీటిలో ఏది సరైన మాట? ఆపేదాన్ని ఆపుతోంది కాబట్టి ‘కదిలిస్తుంది’ అని సూటిగా రాసేయవచ్చా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అసలు చిక్కంతా అక్కడే ఉంది. అలా రాయకండి. ‘కదిలించడం’ వేరు, ‘కదలనివ్వడం’ వేరు. ఈ తేడాని ఒక్క క్రియలో చెప్పగల భాష మనకుండగా, సంస్కృత పదాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం ఎందుకు?

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపులున్నాయి. అక్కడి నుంచి సంకేతాలు బయటికి వెళ్లే గుమ్మం లాంటిది గ్లోబస్ పాలిడస్ లోపలి భాగం. అందులోని న్యూరాన్లు (నాడీకణాలు) గాబా అనే రసాయనాన్ని వదులుతూ, కార్టెక్స్‌కు, అంటే మెదడు పై పొరకు, సంకేతాలు చేరవేసే థాలమస్‌ను పలకనివ్వవు, అంటే సంకేతాలు పంపనివ్వవు. ఇది అప్పుడప్పుడూ చేసే పని కాదు, మనం ఊరికే కూర్చున్నా అవి సెకనుకు పదుల సార్లు పలుకుతూనే ఉంటాయి. బేసల్ గాంగ్లియాలోకి సంకేతాలు వచ్చే గుమ్మం స్ట్రయేటం. దాని న్యూరాన్లలో చాలా భాగం, ఎలుకల్లో అయితే 95 శాతం దాకా, గాబానే వదిలేవి, కానీ మామూలప్పుడు దాదాపు మౌనంగా ఉంటాయి. మీరు సుద్దముక్క అందుకోబోయేటప్పుడు కార్టెక్స్ నుంచి కబురొచ్చి వాటిలో కొన్ని పలుకుతాయి, పలికి పాలిడస్ న్యూరాన్లను కాసేపు నోరెత్తనివ్వవు. అప్పుడు థాలమస్‌కు పలకడానికి సందు దొరుకుతుంది. అంతే తప్ప స్ట్రయేటం థాలమస్‌ను వెనకనుంచి తోయదు. దాన్ని పలికించే ప్రేరణ వేరే చోటి నుంచి, ముఖ్యంగా కార్టెక్స్ నుంచే రావాలి.

మీ పిల్లలకు ఒంగోలు గిత్తని చూపించండి. ఒకతను ముకుతాడు బిగించి పట్టుకున్నాడు, క్షణం కూడా వదలడం లేదు. ఇంకొకతను వచ్చి అతని మణికట్టు పట్టుకుని పట్టు సడలించాడు. గిత్త కదిలింది. రెండోవాడు గిత్తని అదిలించాడా? దాన్ని తాకనైనా తాకలేదు, పోనిచ్చాడు.

ఈ ‘పోనిచ్చు’ ఎలా వచ్చిందో చూడండి. ‘పోన్’ అనే తుమున్నర్థక రూపానికి ‘ఇచ్చు’ చేరింది, అంటే పోవడానికి వీలిచ్చు అని. రానిచ్చు, చేయనిచ్చు, నిద్రపోనిచ్చు అన్నీ ఇలా పుట్టినవే. వ్యతిరేకం రానివ్వడు, పోనివ్వదు, మన వైపు మాటల్లో రానీడు, పోనీదు. రోజూ అనే ‘పోనీలే’లో ఉన్నదీ ఇదే. ఇక మీ వాక్యాన్ని ఇలా రాసుకోవచ్చు: ‘థాలమస్‌ను పలకనివ్వని న్యూరాన్లను స్ట్రయేటం న్యూరాన్లు పలకనివ్వవు. అప్పుడు కదలిక మొదలు కానిస్తుంది థాలమస్.’ రెండో వాక్యం చదవడానికి కాస్త ఇబ్బందిగా ఉంటే ‘కదలికకు దారి దొరుకుతుంది’ అనండి, బాగుంటుంది.

రెండు వ్యతిరేకాలు కలిస్తే అనుకూలమే కదా అంటారేమో. లెక్కల్లో అంతే. భాషలో ‘లేకపోలేదు’ అన్న మాట ‘ఉంది’ అన్న మాటతో పూర్తిగా సమానమా? ‘ఆశ ఉంది’ అన్నప్పటి గట్టిదనం ‘ఆశ లేకపోలేదు’లో ఉండదు, అది అవకాశాన్ని మిగులుస్తుంది, అంతే. మెదడులో ఈ దారి చేసేదీ అదే కాబట్టి ఈ పోలిక నాకు చాలా ఇష్టం.

ఇంకో దారి కూడా ఉంది, అందులో మెలిక ఎక్కువ. స్ట్రయేటంలోని మరికొన్ని న్యూరాన్లు పాలిడస్ బయటి భాగాన్ని పలకనివ్వవు. ఆ బయటి భాగం పట్టి ఉంచిన సబ్‌థాలమిక్ కేంద్రకం అనే మరో కణాల గుంపు దాంతో విడుదలై, లోపలి పాలిడస్‌ను నిజంగానే ప్రేరేపిస్తుంది, థాలమస్ మీద పట్టు ఇంకా బిగుస్తుంది. ఇక్కడ ‘ప్రేరేపించు’ అనే రాయాలి, ఎందుకంటే సబ్‌థాలమిక్ న్యూరాన్లు వదిలేది గ్లూటమేట్ అనే ప్రేరేపించే రసాయనం.

ఇక మీ మూడు మాటలు. ‘నిషేధం’ ఒకసారి వేసిన కట్టడి. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డ జిల్లాలో ఆ మాటకు అర్థం నేను చెప్పక్కర్లేదు. న్యూరాన్ చేసేది శాసనం కాదు, క్షణక్షణమూ పట్టి ఉంచడం. ‘అవరోధం’ దారికి అడ్డం పడ్డ బండ, అదీ కుదరదు. ‘నిరోధం’ దగ్గరి మాట. యోగసూత్రాల్లో చిత్తవృత్తి నిరోధం అన్నప్పుడు ఉన్నది కూడా ఈ పట్టి ఉంచడమే. కాకపోతే ‘రోగనిరోధక శక్తి’ చెవులకు బాగా అలవాటైపోయింది కాబట్టి, ‘నిరోధక న్యూరాన్’ అనగానే ఏదో జబ్బుని ఎదుర్కొనే కణమేమో అని పిల్లలు అనుకుంటారు. పేరు కావలసిన చోట ‘నిరోధక న్యూరాన్’ అనే ఉంచి, అది చేసే పనిని మాత్రం ‘-నివ్వదు’తో చెప్పండి.

పాఠంలో ధనుర్వాతాన్ని తప్పకుండా చేర్చండి. ఆ జబ్బు తెచ్చే క్రిమి విషం వెన్నుపాములోని నిరోధక న్యూరాన్ల నుంచి గ్లైసిన్, గాబా అనే పట్టి ఉంచే రసాయనాలు బయటికి రాకుండా చేస్తుంది. కండరాల్ని పట్టి ఉంచేవాళ్లు లేక అన్నీ ఒక్కసారే బిగుసుకుంటాయి, ఒళ్లు విల్లులా వంగిపోతుంది. పార్కిన్సన్ జబ్బులో దీనికి దాదాపు ఎదురు. మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గి పాలిడస్ పట్టు మితిమీరుతుంది, మనిషి కుర్చీలోంచి లేవడానికే ఎంతో సేపు తంటాలు పడతాడు. దాన్ని పక్షవాతం అని రాయకండి. కండరాల్లో బలం ఉంది, కదలనివ్వడం లేదు.