ఐసీ పలకలేదంటే నకిలీదేనా?

ప్రశ్న: ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) కంట్రోల్ బోర్డులు బాగుచేస్తుంటాను. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికాయని అట్మెగా328పి ఐసీలు (ప్రోగ్రామ్ వేసి వాడే కంట్రోలర్ చిప్‌లు) పది తెప్పిస్తే, నాలుగు ప్రోగ్రామర్‌కి (చిప్‌లో ప్రోగ్రామ్ ఎక్కించే పరికరానికి) పలకడం లేదు. నకిలీవేనా? ఫ్యాక్టరీలోనే చిప్‌లో దొంగ సర్క్యూట్ పెడతారంటున్నారు, నిజమా?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: తొందరపడి పారేయకండి, ఆ నాలుగే కొత్తవి కావచ్చు! కొత్త అట్మెగా328పి 1 మెగాహెర్ట్జ్ మీద నడిచేలా వస్తుంది. ప్రోగ్రామర్ వేగం అందులో నాలుగో వంతు, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు ఉండాలి. యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ మామూలుగా 375 కిలోహెర్ట్జ్ మీద ఉంటుంది. దాని మీద స్లో జంపర్ (వేగం తగ్గించే చిన్న క్లిప్) పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ పలక్కపోతే 9, 10 కాళ్ల మధ్య 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఒక్కో కాలి నుంచి గ్రౌండ్‌కి 22 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఇప్పుడు పలికితే ఎవరో ఇదివరకే ఫ్యూజులు (చిప్ ఎలా నడవాలో చెప్పే లోపలి సెట్టింగులు) బయటి క్రిస్టల్‌తో నడిచేలా మార్చారన్నమాట. బూట్‌లోడర్ (మిగతా ప్రోగ్రామ్‌ని ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసి అమ్ముతున్నామని ముందే చెప్పి ఉంటే తప్ప, అది పాత బోర్డు నుంచి ఊడదీసిన సరుకే అనుకోవాలి.

పలికిన ప్రతి ఐసీనీ ముందు చదవండి. ఎరేజ్ కొడితే ఫ్లాష్‌లో, అంటే ప్రోగ్రామ్ ఉండే మెమరీలో, ఉన్న సాక్ష్యం పోతుంది. సిగ్నేచర్ (చిప్ ఏ రకమో చెప్పే కోడ్) 1ఈ 95 0ఎఫ్ రావాలి. 1ఈ 94 అని మొదలైతే లోపలున్నది 16 కిలోబైట్ల అట్మెగా168, పైన పేరు చెరిపి మార్చారు. లో ఫ్యూజ్ 62, హై ఫ్యూజ్ డీ9, ఫ్లాష్ మొత్తం ఎఫ్‌ఎఫ్ (అంటే ఖాళీ) ఉంటేనే కొత్తదని నమ్మొచ్చు. అదీ కొంతవరకే, తెలివైనవాళ్లు వీటినీ సరిచేసి అమ్ముతారు.

అందుకే కంటితోనూ చూడాలి. కొత్త డిప్ ఐసీ (రెండు వరసల కాళ్లున్నది) కాళ్లు కాస్త బయటికి విచ్చుకుని ఉంటాయి. కాళ్లు నిటారుగా ఉండి, వాటి మొదళ్ల దగ్గర సీసం మరకుంటే వాడినదే. అసిటోన్‌లో ముంచిన దూదితో పైన రుద్దండి. నలుపు అంటితే అరగదీసి రంగేశారు. అంటకపోతే మంచిదని కాదు, అసిటోన్‌కి కరగని పూతలూ వచ్చాయి.

దొంగ సర్క్యూట్ సంగతి నిజంగానే సాధ్యం. డిజైన్ ఒకచోట, తయారీ మరోచోట, ప్యాకింగ్ ఇంకోచోట కాబట్టి మధ్యలో చెయ్యిపెట్టే వీలుంది. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక్క కెపాసిటర్‌తో చేసి చూపించారు: పక్క తీగ పదేపదే మారుతుంటే అది కొంచెం కొంచెంగా చార్జయి, నిండగానే దాడి మొదలవుతుంది. మామూలు పరీక్షల్లో ఆ తీగ అన్నిసార్లు మారదు, అందుకే బయటపడదు. కానీ ఏరియేటర్ బోర్డు కోసం అంత ఖర్చు ఎవరూ పెట్టరు. మీకు భయం పాత ఐసీతోనే: తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ అది ఆగితే చెరువు పోతుంది. బిగించే ముందు రెండు రాత్రులు బెంచి మీద నడిపించండి. ఐసీతో పనిలేకుండా కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) కాయిల్‌కి నేరుగా కరెంటిచ్చే ఆటో–మాన్యువల్ స్విచ్ కూడా ప్రతి ప్యానెల్‌కీ పెట్టండి.