కిటికీలు తుడిచేవాళ్లకి వెబ్‌సైట్ ఎందుకక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది మదనపల్లె పక్కన పల్లె, బెంగళూరొచ్చి ఆరేళ్లవుతా ఉంది, మారతహళ్లిలో ఉంటాం. ముందు ఒక హౌస్‌కీపింగ్ కంపెనీలో చేసినాను, పోయినేడు బయటికొచ్చేసి నేను, మా బావమరిది, ఇంకో ఇద్దరు పిల్లోళ్లు కలిసి సొంతంగా కిటికీ అద్దాలు, బాల్కనీ గ్లాసులు, దోమ మెష్‌లు క్లీనింగ్ చేస్తా ఉన్నాం. పనికి పేరుంది గానీ అంతా తెలిసినోళ్ల ద్వారానే వస్తాది, ఒక వారం ఊపిరాడదు, ఇంకో వారం ఖాళీ. వెబ్‌సైట్ ఉంటే ఆర్డర్లొస్తాయని అందరూ అంటున్నారు. అడిగితే ఒకాయన 35 వేలు, పైన ప్రతి ఏడూ 12 వేలు మెయింటెనెన్స్ అన్నాడు. ఇంకొకాయన 4,999కే అన్నీ, గూగుల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ అన్నాడు. మా దగ్గర గట్టిగా పదివేలుంది. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

జవాబు: తమ్ముడూ (అక్కా అన్నావు కాబట్టి నువ్వనే అంటా), ఆ పదివేలు ముందు జేబులో పెట్టుకో. నీకు కావాల్సింది మూడు వేలలో అయిపోతుంది, మిగిలినదాంట్లో ఇంకో పొడుగు పోల్, నాలుగు మంచి స్క్వీజీ రబ్బర్లు కొనుక్కోవచ్చు.

వెబ్‌సైట్ పెట్టిన మర్నాడు నుంచి ఫోన్లు మోగుతాయని మాత్రం అనుకోకు. నీ కస్టమర్ ఎట్లా వస్తుందో ఒకసారి చూడు. బెల్లందూర్‌లో ఒకావిడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "విండో క్లీనింగ్ వాళ్ల నంబర్ ఎవరి దగ్గరైనా ఉందా" అని అడుగుతుంది, నలుగురు నాలుగు నంబర్లు పడేస్తారు, అందులో నీదొకటి. ఆవిడ నాలుగింటికీ ఫోన్ చేయదు, బెడ్‌రూమ్ కిటికీ దాకా రానివ్వాల్సిన మనుషులు కదా, ముందు గూగుల్లో కొట్టి చూస్తుంది, ఎవరి పేరు, ఫోటోలు, రేటు కనిపిస్తే వాళ్లకి చేస్తుంది, మిగతా ముగ్గురి నంబర్లూ అట్లాగే కిందకి జరిగిపోతాయి. నీ సైట్ పని అక్కడ. నంబర్ దొరికినవాళ్లకి కాస్త ధైర్యం ఇస్తే చాలు, దానికి 35 వేలు అక్కర్లేదు.

అసలు సైట్ కన్నా ముందు చేయాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. మ్యాప్స్‌లో పేరు, ఫోన్, రివ్యూలు కనిపిస్తాయే, అది. పూర్తిగా ఫ్రీ. నీకు షాపు లేదు కాబట్టి ఇంటి అడ్రస్ దాచిపెట్టి, సర్వీస్ ఏరియాలు మాత్రం పెట్టుకోవచ్చు, 20 దాకా ఇస్తారు. అట్లాగని 20 నింపేసి యెలహంక నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా రాసేయకు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నీ బండి ఎంత దూరం పోగలదో నీకే తెలుసు. మారతహళ్లి, బెల్లందూర్, వైట్‌ఫీల్డ్, మహదేవపుర, సర్జాపుర రోడ్డు, చాలు. వెరిఫికేషన్‌కి చాలాసార్లు వీడియో అడుగుతారు, మీ వీధి, మీ సామాన్లు, బండి కనిపించేలా మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీసి పంపాలి. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్‌కి ఇంత కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయ్, గూగుల్ ఆ లిస్టింగ్‌కి డబ్బు తీసుకోదు. ఇంకోటి, అదే ప్రొఫైల్‌తో గూగుల్ ఫ్రీ వెబ్‌సైట్ కూడా ఇస్తుందని పాత యూట్యూబ్ వీడియోల్లో చూపిస్తుంటారు, అది 2024 మార్చిలోనే ఆపేశారు, దానికోసం వెతుక్కుంటూ కూర్చోకు.

ఇక డొమైన్, అంటే సైట్ పేరు. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ, రెండూ ఏడాదికి అటూఇటుగా వెయ్యి రూపాయల సంగతే. మొదటి ఏడాది 99 అని పెద్ద అక్షరాలతో వేస్తారు, కార్ట్‌లోకి పోయాక రెండో ఏడాది రెన్యూవల్ ఎంతో చూడు, అసలు రేటు అదే. పైన జీఎస్టీ. ఈమెయిల్, సెక్యూరిటీ, ఇంకేవో రెండు మూడు టిక్కులు ముందే పెట్టేసి ఉంటాయి, అన్నీ తీసేయ్. పేరు ఎట్లా ఉండాలంటే, ఫోన్లో ఒక్కసారి చెప్తే అవతలివాళ్లు తప్పు లేకుండా టైప్ చేసుకోగలగాలి, మధ్యలో డ్యాష్‌లూ అంకెలూ వద్దు.

ఇక్కడ ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకో. డొమైన్ నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో, ఓటీపీ నీ ఫోన్‌కి వచ్చేలా ఉండాలి. సైట్ ఎవడు చేసినా పర్లేదు, ఇది మాత్రం నీ చేత్తో నువ్వే కొనాలి. మా పిన్నివాళ్లు పచ్చళ్ల వ్యాపారానికి ఒకబ్బాయితో సైట్ చేయించారు, మంచివాడే, పేరు కూడా ఆయన అకౌంట్లోనే కొన్నాడు, తర్వాత ఫారిన్ పోయాడు, రెన్యూవల్ మెయిల్ ఆయనకి వచ్చింది, చూడలేదు. గడువు దాటి కొన్నాళ్లకి వేరేవాళ్లు కొనేసుకున్నారు. డబ్బాల మీద లేబుళ్లన్నీ ఆ పేరుతోనే ప్రింట్ చేయించి ఉన్నారు. ఆవకాయ కోసం ఆ పేరు కొడితే ఏదో ఆన్‌లైన్ జూదం పేజీ తెరుచుకునేది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు.

సైట్ దేంతో చేయాలి అంటే నా ఓటు గూగుల్ సైట్స్‌కి. ఇందాక ఆపేశారన్నది ఇది కాదు, ఇది వేరే. ఫ్రీ, సొంత డొమైన్ తగిలించుకోవచ్చు, హోస్టింగ్ గొడవ లేదు, అంటే సైట్‌ని నెట్‌లో ఉంచడానికి విడిగా అద్దె కట్టక్కర్లేదు. చూడ్డానికి కాస్త సాదాగా ఉంటుంది, అంతే. ఇంకొంచెం అందంగా కావాలంటే కార్డ్ (Carrd, రెండు r లతో) అని ఒకటుంది, ఒక పేజీ సైట్లకి, సొంత డొమైన్ పెట్టుకునే ప్లాన్ ఏడాదికి 19 డాలర్లు, మన డబ్బుల్లో రెండు వేల లోపే. వర్డ్‌ప్రెస్ మంచిదే, నేనూ వాడతాను, కానీ దానికి హోస్టింగ్ కట్టాలి, ప్లగిన్లు, అంటే దానికి తగిలించే చిన్న చిన్న ప్రోగ్రాములు, అప్‌డేట్ చేస్తూ ఉండాలి, పట్టించుకోకపోతే ఎవడో హ్యాక్ చేసి మందుల యాడ్లు పెడతాడు. పొద్దున ఆరింటికి బకెట్ పట్టుకుని బయల్దేరే నీకు ఆ పని ఎందుకు. తెలిసినవాళ్ల లాప్‌టాప్ ఒక ఆదివారం అడుక్కో, సాయంత్రానికి అయిపోతుంది.

పేజీ ఒక్కటే. పైనే ఏం చేస్తారు, ఏ ఏరియాల్లో చేస్తారు, కిందే రెండు బటన్లు, ఒకటి కాల్, ఒకటి వాట్సాప్. డబ్ల్యూఏ డాట్ మీ, స్లాష్, 91, నీ నంబర్, ఇదే వాట్సాప్ లింక్, నొక్కగానే చాట్ తెరుచుకుంటుంది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఎలాగూ ఫ్రీ కాబట్టి అది వేసుకుని "పనిలో ఉన్నాం, సాయంత్రం మాట్లాడతాం" అని ఆటోమేటిక్‌గా పోయే మెసేజ్ పెట్టుకో, పోల్ చేతిలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తలేవు కదా.

తర్వాత రేట్లు. చాలామంది ఇక్కడే సిగ్గుపడి "కాల్ ఫర్ ప్రైస్" అని రాస్తారు, ఆ మూడు ముక్కలు చూసి సగం మంది పక్క నంబర్‌కి పోతారు. టూ బీహెచ్‌కే ఇంత నుంచి, త్రీ బీహెచ్‌కే ఇంత నుంచి, విడిగా ఒక్కో అద్దానికి ఇంత, అని రాసేయ్. అందులో ఏముందో కూడా రాయి: అద్దం రెండు వైపులా, మెష్ తీసి కడగడం, స్లైడింగ్ ట్రాక్‌లో మట్టి తీయడం. పెయింట్ చుక్కలు, సిమెంట్ మరకలు, బోర్ నీళ్ల తెల్ల మచ్చలు అయితే విడిగా అని.

ఆ తెల్ల మచ్చల గురించి నాలుగు లైన్లు రాస్తే నీ సైట్‌కి అదే బలం. బోర్ నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో అందరి గొడవా అదే, అద్దం మీద నీళ్లు ఆరి కాల్షియం, మెగ్నీషియం పేరుకుంటాయి, మామూలు సబ్బుకి పోవు, వెనిగర్ లాంటి పులుపు తగిలితే కరుగుతాయి, ఏళ్ల తరబడి వదిలేస్తే అద్దమే గరుకుబారి పాలిష్ చేయాల్సి వస్తుంది. కొందరు బాత్రూమ్ యాసిడ్ కొట్టి అల్యూమినియం ఫ్రేమ్ పాడుచేస్తారు, ఆ పులుపు నీళ్లు కింద మార్బుల్ గట్టు మీద కారితే అదీ మచ్చపడుతుంది. ఇవన్నీ నీకు చేతికి తెలిసిన విషయాలు, నువ్వు పనిలో మాట్లాడే మాటల్లోనే రాయి. "కస్టమర్ సంతృప్తే మా ధ్యేయం" లాంటివి ఒక్కటి కూడా రాయకు, అది చదివి ఎవరూ పిలవరు.

ఎత్తు సంగతి కూడా దాచకు. ఇంట్లో నుంచే పోల్‌తో అందేదాకా చేస్తాం, కిటికీ గట్టు మీద మనిషిని నిలబెట్టం అని రాయి. తాడు కట్టి బయట నుంచి దిగి చేసేది వేరే పని, దానికి ట్రైనింగ్ ఉన్న మనుషులు, పరికరాలు, అసోసియేషన్ పర్మిషన్ కావాలి. నెట్లో దొరికిన, 40 అంతస్తుల మీద హెల్మెట్ పెట్టుకుని వేలాడే తెల్లోడి ఫోటో పెట్టావనుకో, అదే పని చేయమని అడుగుతారు.

ఫోటోలు నీ ఫోన్‌తోనే తీయి. ముందు, తర్వాత, ఒకే చోట నిలబడి, పొద్దుటి ఎండ పక్క నుంచి పడేటప్పుడు తీస్తే మురికి బాగా కనిపిస్తుంది. ఇంటివాళ్లని అడిగే తీయాలి. తీశాక జూమ్ చేసి చూడు, నువ్వు తుడిచింది అద్దం తమ్ముడూ, అందులో నైటీలో టీ తాగుతున్న ఆంటీ కూడా పడి ఉంటుంది. ఎక్కించే ముందు సైజు తగ్గించు, లేకపోతే లిఫ్టులో సిగ్నల్ సరిగ్గా లేని మనిషికి పేజీ తెరుచుకునేసరికి ఆమె అంతస్తు వచ్చేస్తుంది.

భాష ఇంగ్లీషులో సులువుగా ఉంచి, పైన ఒక రెండు లైన్లు కన్నడలో పెట్టు, ఈ ఊరి అన్నం తింటున్నాం, మర్యాద. మెషిన్ అనువాదం పెట్టేయకుండా మీ ఓనర్‌కో పక్కింటాయనకో చూపించు. తెలుగు లైన్ పెడతావా, నీ ఇష్టం, ఆ ఏరియాల్లో మనవాళ్లు తక్కువేం లేరు.

రివ్యూలు పని అయిన వెంటనే, అద్దం మెరుస్తూ ఉండగానే అడుగు. రివ్యూ లింక్‌ని క్యూఆర్ చేసి కార్డు మీద ప్రింట్ చేయించుకో. డిస్కౌంట్ ఇస్తా రివ్యూ పెట్టండి అనొద్దు, గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, దొరికితే తీసేస్తారు.

ఇక ఆ ఇద్దరు. 35 వేలాయన మోసగాడని నేననను, ఆన్‌లైన్ బుకింగ్, పేమెంట్, పది పేజీలు కావాల్సినవాళ్లకి అంత అవ్వొచ్చు, నీకు ఇప్పుడు అది అవసరం లేదు. 4,999 ఆయన్ని మాత్రం రెండో ఏడాది ఎంత, డొమైన్ ఎవరి పేరు మీద అని అడుగు. ఫస్ట్ పేజీ గ్యారంటీ అన్నాడు చూడు, నంబర్ వన్ ర్యాంకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది.

ఉగాది, వరమహాలక్ష్మి, దసరా, దీపావళి, వీటికి మూడు వారాల ముందు పేజీ పైన ఖాళీ తేదీలు మార్చు. పండగ వారం ఎలాగూ నీకు తీరికుండదు, ముందు వారాలు నింపుకోవాలి.

ప్రశ్న: మేడమ్, మా ఆయన సోఫా, కార్పెట్ క్లీనింగ్ చేస్తారు. వెబ్‌సైట్ పెడితే జీఎస్టీ కట్టాల్సి వస్తుందని భయపెడుతున్నారు. హోసూరు వైపు కూడా పనులొస్తాయి, రాష్ట్రం మారితే తప్పదంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: సైట్‌కీ దానికీ సంబంధం లేదండీ. సర్వీసులకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, హోసూరు వెళ్లినా సర్వీసులకి అదే లెక్క. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి నోటీసులిచ్చారు కదా, అప్పటి నుంచే ఈ భయం. అందుకని ఇంటి డబ్బులూ పని డబ్బులూ ఒకే క్యూఆర్‌లో కలపకండి, మీ తమ్ముడు పంపిన అప్పు కూడా అమ్మకంలా కనిపిస్తుంది. ఆఫీసుల పనులొచ్చి వాళ్లు జీఎస్టీ బిల్లే కావాలంటే అప్పుడు ఆడిటర్‌ని అడిగి తీసుకోండి. సైట్ మాత్రం ఇవాళే పెట్టుకోవచ్చు.