పెళ్లి క్యాసెట్లను డీవీడీ చేయడం నేర్చుకుంటే ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. నాన్నకు ఫొటో స్టూడియో ఉంది. పాత పెళ్లి క్యాసెట్లు తెచ్చి డిస్క్ చేసిమ్మని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. ఈ పని కంప్యూటర్‌లో ఎలా మొదలుపెట్టాలి? దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా?

జవాబు: డీవీడీ ఆథరింగ్ (వీడియోను ప్లేయర్‌లో ఆడే డిస్క్‌గా తయారుచేయడం) ఒక్కటే నమ్ముకుంటే ఉద్యోగం కష్టం. ఒకప్పుడు స్టూడియోల్లో బాగా వాడిన అడోబ్ ఎన్‌కోర్ అనే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ కూడా సీఎస్6 వెర్షన్‌తోనే ఆగిపోయింది. అయినా నేర్చుకోమనే అంటాను. గిరాకీ మీ గుమ్మంలోకే వస్తోంది. పైగా బిట్‌రేట్ (సెకను వీడియోకు వాడే డేటా), ఫ్రేమ్‌రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలు), ఇంటర్‌లేసింగ్ (ఒక్కో బొమ్మను సరి, బేసి గీతలుగా రెండు విడతల్లో చూపడం) లాంటివి ఈ పనిలో చేతికి అలవాటైనంత బాగా క్లాసులో ఎక్కవు.

డీవీడీస్టైలర్ అనే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంతో మొదలుపెట్టండి. కొత్తవాళ్లు ఎంపీ4 ఫైలును డిస్క్‌లోకి కాపీ చేసి, ప్లేయర్‌లో ఆడటం లేదని టెన్షన్ పడతారు. మామూలు డీవీడీ ప్లేయర్‌కు ఎంపెగ్-2 అనే ఫార్మాట్‌లో వీడియో, దానికి తగ్గ ఫోల్డర్ల అమరిక కావాలి. ఆథరింగ్ అంటే ఈ అమరికే. మన దగ్గర టీవీ వీడియోకు పాల్ అనే పద్ధతి: 720×576 సైజు, సెకనుకు 25 ఫ్రేములు. కస్టమర్ డిస్క్‌ను అమెరికాలో ఉన్న కూతురికి పంపాలంటే అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో చేయాలి. అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్క్‌ను తీసుకోవు.

అసలు తెలివి బిట్‌రేట్ దగ్గర కావాలి. డిస్క్‌లో పట్టేది 4.7 జీబీ. మూడు గంటల క్యాసెట్‌ను ఒకే డిస్క్‌లో కుక్కితే ఆడియోతో కలిపి సెకనుకు 3.5 మెగాబిట్లే దక్కుతాయి. పాత టేపుల్లో గింజలు గింజలుగా కనిపించే నాయిస్ అందులో చాలా భాగం తినేస్తుంది, తలంబ్రాల సీన్ గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. రెండు డిస్కులు చేసి డబ్బు తీసుకోండి, మొహమాటపడకండి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని చాప్టర్లు పెడితే కస్టమర్ మురిసిపోతాడు. మెనూ అక్షరాలు మాత్రం అంచులకు దూరంగా ఉంచండి, పాత టీవీలు అంచులు కోసేస్తాయి.

బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టకండి. టేపును చదివే హెడ్ పాడవుతుంది, బూజు తర్వాతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన (క్యాప్చర్ చేసిన) ఒరిజినల్ ఫైలును హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. పెన్‌డ్రైవ్ అడిగినవాళ్లకు దాన్నుంచే ఎంపీ4 చేసి ఇవ్వొచ్చు. యూట్యూబ్‌లో పెట్టమంటే, మిక్సింగ్‌లో వేసిన సినిమా పాటలకు కాపీరైట్ క్లెయిమ్ రావచ్చని ముందే చెప్పండి.

కెరీర్ మాటకొస్తే, మీరు చూడాల్సింది ఎడిటింగ్ వైపు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఇప్పుడే మొదలుపెట్టండి. డిగ్రీ అయ్యాక పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా)లో ఏడాది టీవీ ఎడిటింగ్ కోర్సుకు ప్రయత్నించవచ్చు. అప్పటిదాకా స్టూడియో పని మానొద్దు. మొదటి డిస్క్ మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌తోనే చేయండి. డిస్క్‌లోకి రైట్ (బర్న్) చేసే ముందు, ఆథరింగ్‌లో తయారైన ఫోల్డర్‌ను కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో ఒకసారి ఆడించి చూడండి.