టూమ్‌స్టోన్‌కు వెళ్లాలా, బిస్బీకా?

దక్షిణ అరిజోనాలో పాతకాలపు చిన్న ఊరు ఒక్కటే చూసే వీలుంటే ఏది చూడాలని అడిగారు. నేనైతే బిస్బీ అంటాను. కొత్తగూడెంలో సింగరేణి కార్మికుని ఇంట పెరిగినవాణ్ణి కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చు. టూమ్‌స్టోన్‌లో 1881 నాటి తుపాకుల పోరును నేటికీ నటించి చూపిస్తారు. అది ముగిశాక అక్కడ నాకు పెద్దగా పనేమీ కనిపించలేదు.

అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, మ్యూల్ కొండల నడుమ 1880లో రాగి కోసం వెలసిన ఊరు బిస్బీ. ఇరుకు లోయ కావడం వల్ల ఇళ్లు కొండవాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి కట్టుకున్నట్లుంటాయి. చాలా ఇళ్లకు మెట్లే దారి. ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ గనులతోపాటు దుకాణాన్నీ ఆసుపత్రినీ కూడా నడిపింది కాబట్టి, కంపెనీతో తగవంటే ఊరితోనే తగవన్నట్లు ఉండేది.

1917లో భద్రత, వేతనాల కోసం కార్మికులు సమ్మెకు దిగినప్పుడు అదే జరిగింది. జులై 12 తెల్లవారుజామున షెరిఫ్ హ్యారీ వీలర్ దాదాపు రెండు వేలమందికి ఆయుధాలతో అధికారమిచ్చి, ఇల్లిల్లూ గాలించి పట్టుకున్నవారిని వారెన్ బేస్‌బాల్ మైదానానికి నడిపించాడు. అక్కడినుంచి సుమారు 1,200 మందిని పశువుల రైలుపెట్టెల్లో కుక్కి న్యూమెక్సికో ఎడారిలో దించేశారు. ఇందుకు ఒక్కరికీ శిక్ష పడలేదు. నూరేళ్లకు, 2017లో, ఊరివాళ్లే ఆ వీధుల్లో ఆ ఘటనను మళ్లీ నటించారు. అది టూమ్‌స్టోన్ నటన వంటిది కాదు.

ఊరి అంచున ఉన్న లావెండర్ పిట్ రంగును బట్టి వచ్చిన పేరు కాదు, ఒక కంపెనీ అధికారి ఇంటిపేరు. నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఈ ఓపెన్‌కాస్ట్ గని పక్కనున్న లోవెల్ అనే ఊరిని చాలావరకు మింగేసింది. మా ప్రాంతంవారికి ఈ కథ కొత్త కాదు. 1970లలో గనులు మూతపడి ఇళ్లు చౌకగా దొరకడంతో చిత్రకారులు, దేశదిమ్మరులు వచ్చి స్థిరపడ్డారు.

కాపర్ క్వీన్ గని యాత్రను మానకండి. లోపల ఎండాకాలంలోనూ చలే, స్వెటర్ ఉండాలి. నేను వెళ్లినప్పుడు గైడుగా వచ్చిన ముసలాయన ఆ గనుల్లోనే పనిచేసి రిటైరయ్యారు. మా నాన్న కూడా బొగ్గు బాయిలో దిగేవారని చెప్పగానే, మిగతావాళ్లను ఒక్క నిమిషం ఆగమని, ఎంత లోతు, ఏ షిఫ్టు అని అడిగారు.